పోపుల డబ్బాలో చోటు లేని దినుసు

రాత్రి పదకొండింటికి ఊరి నుంచి ఫోనొస్తే అది మంచి కబురై ఉండదని అందరికీ తెలిసిందే. 2024లో దీపావళి వెళ్లిన రెండో రోజు, శనివారం రాత్రి మా పక్కింటి పిన్నిగారి పేరు ఫోన్‌లో కనిపించగానే నా చేతులు చల్లబడ్డాయి. ‘‘కంగారుపడకమ్మాయ్... మీ అమ్మకి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి. మొహం కూడా ఉబ్బింది. ఆటో పిలిచాం, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం’’ అందావిడ. కంగారుపడొద్దంటున్న ఆవిడ గొంతే వణుకుతోంది.

అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు బెంగళూరులో. నాన్న పోయి నాలుగేళ్లయింది. ‘నా ఇల్లు, నా గుమ్మం వదిలి రాను’ అంటుందావిడ. బీపీ, షుగరు ఉన్నాయి. పూటకో మాత్ర. వేసుకుందో లేదో తెలీక రోజూ నాలుగుసార్లు ఫోన్ చేసి విసిగిస్తుంటే, మా తమ్ముడు ఓ ఉపాయం చేశాడు. వాడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. మా ముగ్గురి ఫోన్లలో పనిచేసేలా చిన్న యాప్ ఒకటి తయారుచేశాడు. అమ్మ మాత్ర వేసుకుని ‘వేసుకున్నాను’ అనే మీట నొక్కితే చాలు, మా ఇద్దరి ఫోన్లలో పచ్చటి టిక్కు పడుతుంది. నిజం చెప్పొద్దూ... ఆ పచ్చ టిక్కు కోసం సాయంత్రాలు ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది. అది పడితే అమ్మ బాగున్నట్టే.

అసలు ముప్పు ఆ రాత్రి పదకొండింటికి రాలేదు. ఏడింటికే వచ్చింది. నా చేతుల మీదుగానే వచ్చింది.

మూత్రంలో మంటగా ఉందంటే పిన్నిగారు అమ్మని వీధి చివర డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన అడగాల్సింది అడిగారు. ‘‘మీకు పడని మందులేమైనా ఉన్నాయా?’’ అని. ‘‘ఏదో ఉందండీ... పేరు గుర్తులేదు. పిల్లలు ఫోన్‌లో పెట్టారు’’ అంది అమ్మ. పిన్నిగారు నాకు ఫోన్ చేశారు. నేనేమో బంధువుల పెళ్లి రిసెప్షన్‌లో ఉన్నాను. చెవి పక్కనే బ్యాండు మోగుతోంది. ఓ మూలకెళ్లి యాప్ తెరిచి చూశాను. ‘పడని మందులు’ అన్న గడి ఉంది. దానికెదురుగా ‘లేవు’ అని ఉంది.

‘‘ఏమీ లేవు పిన్నిగారూ. అమ్మ దేన్నో తలుచుకుని కంగారుపడుతోంది’’ అన్నాను.

ఆ మాట అన్నది నేనే. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చారు. వాటిలో సల్ఫా ఉంది. అమ్మకి సల్ఫా పడదు.

దేవుడి దయవల్ల పెద్ద ప్రమాదం తప్పింది. ఇంజెక్షన్లు ఇచ్చి ఓ రోజంతా ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఆదివారం ఉదయానికి నేను తెనాలిలో దిగాను. మధ్యాహ్నానికి తమ్ముడూ వచ్చాడు. వస్తూనే వాడన్న మొదటి మాట... ‘‘అక్కా, సల్ఫా పడదని నేనే ఎక్కించాను. దసరాకి వచ్చినప్పుడు. నాన్న ఫైలు ముందేసుకుని నా చేత్తో కొట్టాను.’’

నాన్న ఫైలు గురించి చెప్పాలి. అమ్మ ఆస్పత్రి కాగితాలన్నీ ఆయన ఓ నీలం అట్ట ఫైల్లో పెట్టేవారు. దాని అట్ట మీదే ఎర్ర సిరాతో ‘సల్ఫా మందులు పడవు’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టారు. ఆ అట్ట మీద పేరుకీ అడ్రసుకీ తప్ప మరోదానికి చోటు లేదు. ఆయన చోటు చేసుకుని రాశారు. దసరాకి తమ్ముడు అదంతా యాప్‌లోకి ఎక్కించేశాక, ‘ఇంకేం... అంతా ఫోన్‌లో ఉందిగా’ అని ఫైలుని అటక మీదకి పంపించేశాం. ఆ పని కూడా నాదే.

మరి ఎక్కించింది ఏమైంది? వాడి ఫోన్‌లో చూస్తే ‘లేవు’. నా ఫోన్‌లో ‘లేవు’. అమ్మ ఫోన్‌లోనైతే అసలు ఆ గడే లేదు!

అక్కడ చిక్కుముడి దొరికింది. ‘పడని మందులు’ అన్న గడి మొదట్లో యాప్‌లో లేదు. దసరాకి కొత్తగా చేర్చాడు. కొత్త యాప్‌ని వాట్సాప్‌లో మా ఇద్దరికీ పంపాడు. నేను వేసుకున్నాను. అమ్మ ఫోన్‌లో మాత్రం చోటు లేదంటూ అది ఎక్కలేదు. గుడ్‌మార్నింగ్ గులాబీలు, కార్తీక దీపాలు, మనవళ్ల వీడియోలు... ఫోన్ నిండిపోయింది. పాతది పనిచేస్తోంది కదా అని ఆవిడ పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు.

అయినా పాత యాప్ ఉంటే కొత్త గడి కనపడదంతే కదా, ఉన్నది ఎలా పోతుంది? నేనూ ఇదే అడిగాను. తమ్ముడు చెప్పింది మొదట అర్థం కాలేదు. వంటింట్లోంచి అమ్మ పోపుల డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాక అర్థమైంది.

సమాచారం ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్లేటప్పుడు ఇల్లు మారే సామానులా వెళ్తుందట. మంచం విప్పి, బీరువా ఖాళీచేసి, అన్నీ మూటలు కట్టి లారీ ఎక్కించినట్టు... పేరు ఫలానా, ఉదయం మాత్ర ఫలానా, రాత్రి మాత్ర ఫలానా అని వరసగా అక్షరాల మూటగా మారి డేటాబేస్ నుంచి బయల్దేరుతుంది. మన ఫోన్‌లోకి వచ్చాక యాప్ ఆ మూట విప్పి ఏది ఎక్కడ పెట్టాలో అక్కడ సర్దుకుంటుంది. ఈ విప్పి సర్దడాన్నే వాళ్లు ‘డీసీరియలైజేషన్’ అంటారు. నోరు తిరగని పేరు కానీ, పని మాత్రం పోపుల డబ్బా సర్దడమే. ఆవాల గిన్నెలో ఆవాలు, జీలకర్ర గిన్నెలో జీలకర్ర.

ఇప్పుడు మూటలో కొత్తగా కసూరి మేతి కూడా వచ్చిందనుకోండి. డబ్బాలో ఏడే గిన్నెలు. ఎనిమిదో దినుసుకి చోటు లేదు. ఏం చేస్తారు? ‘ఇదేంటో నాకు తెలీదు, అసలు ఈ మూటే వద్దు’ అని మొత్తం తిప్పి పంపేయొచ్చు. లేదా దాన్ని పక్కన పడేసి మిగతా ఏడూ సర్దుకోవచ్చు. ఇవి కాక మూడో దారి ఉంది. చిన్న పొట్లం కట్టి, గిన్నెల మీద పళ్లెంలో పెట్టి మూత వేయడం. ఏమిటో తెలీకపోయినా సరే, తెలిసినవాళ్లు అడిగినప్పుడు తీసి ఇవ్వడానికి.

యాప్‌లు తయారుచేసే వాళ్ల దగ్గర ఈ సర్దే పనికి రకరకాల పనిముట్లున్నాయి. వాటిలో ఒక్కోదానిది ఒక్కో స్వభావం. జావాలో ‘జాక్సన్’ అనేది ఉంది. 2025లో కొత్త తరం రూపం వచ్చేదాకా, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప, తెలియని గడి కనిపిస్తే పని ఆపేసేది. ‘జీసన్’ అనే ఇంకోటి కిక్కురుమనకుండా వదిలేస్తుంది. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ కూడా మామూలుగా వదిలేసే రకమే. కోట్లిన్ వాళ్ల పనిముట్టు పాత జాక్సన్‌లాగే పట్టుదల మనిషి.

మా వాడికి పట్టుదల మనుషులంటే భయం. దానికో కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వాళ్ల సర్వర్ వైపు వాళ్లెవరో కొత్త గడి ఒకటి చేర్చారట. అంతే, వాడుకరుల ఫోన్లలో ఉన్న పాత యాప్‌లన్నీ తెరవగానే మూసుకుపోవడం మొదలైంది. వెబ్‌సైట్ అయితే సర్వర్‌లో ఒక్కచోట సరిదిద్దితే తర్వాత తెరిచినవాళ్లందరికీ సరైపోతుంది. ఫోన్ యాప్ అలా కాదు. ఒకరి చేతిలో నిన్నటిది ఉంటుంది, ఒకరి దగ్గర రెండేళ్ల కిందటిది ఉంటుంది. వాళ్లంతట వాళ్లు మార్చుకునేదాకా మనం చేయగలిగింది తక్కువ. ఆ రాత్రంతా వాడు నిద్రపోలేదట. అప్పట్నుంచీ వాడికి ఒకటే మంత్రం... తెలియని గడి వస్తే చూసీ చూడనట్టు పో.

ఆ మంత్రం వాడు కనిపెట్టింది కాదు. ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో జాన్ పోస్టెల్ అని ఒకాయన ఉండేవారు. కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే పద్ధతి గురించి 1980లో రాస్తూ, మనం పంపేటప్పుడు పద్ధతిగా పంపాలి, ఎదుటివాళ్లు పంపినది తీసుకునేటప్పుడు కాస్త పెద్దమనసుతో ఉండాలి అన్న అర్థం వచ్చేలా సూత్రం పెట్టారు. మన అత్తగార్లకీ కోడళ్లకీ ఎవరో చెప్పినట్టుంటుంది కానీ, నిజంగా కంప్యూటర్ల కోసమే రాశారు. వెబ్ పేజీలు చూపించే బ్రౌజర్లూ ఈ దారిలోనే నడిచాయి. తెలియని గుర్తు కనిపిస్తే దాన్ని దాటేసి లోపలున్న అక్షరాలు చూపిస్తాయి.

అయితే మా వాడు సగం పాఠమే నేర్చుకున్నాడు. చదివేటప్పుడు చూసీ చూడనట్టు పోవచ్చు. తిరిగి రాసేటప్పుడో?

అమ్మ ఫోన్‌లోని పాత యాప్ ఏం చేసిందంటే... డేటాబేస్ నుంచి అమ్మ కాగితం మొత్తం తెచ్చుకుంది. అందులో ‘పడని మందులు: సల్ఫా’ అని ఉంది. అదేంటో దానికి తెలీదు. పక్కన పడేసింది. తనకి తెలిసినవి మాత్రం సర్దుకుని తెర మీద చూపించింది. రాత్రి ఎనిమిదింటికి అమ్మ మాత్ర వేసుకుని మీట నొక్కింది. అప్పుడది తన దగ్గరున్న గడులన్నిటితో కొత్త కాగితం రాసి, పాత కాగితం తీసేసి దాని స్థానంలో పెట్టేసింది. కొత్త కాగితంలో సల్ఫా లేదు. ఎలా ఉంటుంది, దాని దగ్గరుంటేగా!

తమ్ముడు ఆ గడి నింపింది దసరా సెలవుల్లో ఓ మధ్యాహ్నం రెండింటికి. అమ్మ మీట నొక్కింది ఆ రాత్రే. అంటే నాన్న అట్ట మీద ఏళ్ల తరబడి నిలిచిన మాట, యాప్‌లో ఆరు గంటలు నిలిచింది.

పోనీ గడి ఖాళీ అయిందే అనుకుందాం. ఖాళీగా కనిపించినా నాకు అనుమానం వచ్చేది. ‘ఏదో రాయలేదు, కనుక్కుందాం’ అనుకునేదాన్ని. కానీ నా ఫోన్‌లోని కొత్త యాప్, ఆ గడి కాగితంలో లేకపోయేసరికి ముందే రాసిపెట్టుకున్న మాట చూపించింది... ‘లేవు’ అని. తెర బోసిగా కనిపించకూడదని తమ్ముడు పెట్టిన మాట అది. రాయలేదు అన్నదానికీ, లేవు అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ శనివారం రాత్రి తెలిసింది.

ఎక్కడా తప్పు జరిగినట్టు ఒక్క గంట మోగలేదు. యాప్ ఆగలేదు. పచ్చ టిక్కు రోజూ పడుతూనే ఉంది. తమ్ముడు అమ్మ ఫోన్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఫోన్ తనలో తాను రాసుకునే చిట్టా తెరిచాడు. వందల వరసల మధ్య ఒక వరస... ‘ఈ పేరు గల గడికి నీ దగ్గర చోటు లేదు’ అని. కాగితం తెరిచిన ప్రతిసారీ అది చెబుతూనే ఉంది. వినేవాళ్లు లేరు. వాడు ఆ వరసనే చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ‘‘డేటాబేస్ తప్పేం లేదక్కా. కాగితం మొత్తం మార్చెయ్ అని నేను చెప్పాను, అది మార్చింది. మారిన గడి ఒక్కటే దిద్దు అని చెప్పే వీలూ ఉంది. నేను చెప్పలేదు’’ అన్నాడు చివరికి.

తెలియనిదాన్ని మోసుకెళ్లాలన్న సంగతి పెద్దవాళ్లకి ఎప్పుడో తట్టింది. వెబ్ నడిచే పద్ధతికి 1999లో రాసిన నిబంధనల్లోనే ఉంది. సమాచారంతో పాటు వచ్చే శీర్షికల్లో అర్థం కానివి ఉంటే, అందుకునేవాళ్లు వాటిని వదిలేయొచ్చు. కానీ మధ్యలో ఉండి అవతలికి అందించే కంప్యూటర్ మాత్రం వాటిని అలాగే అందించాలి. పోస్ట్‌మ్యాన్‌కి ఉత్తరంలోని భాష రానక్కర్లేదు, చించకుండా ఇస్తే చాలు. అంతటి గూగుల్ వాళ్లూ ఒకసారి ఇక్కడ తడబడ్డారు. సమాచారాన్ని మూటకట్టడానికి ‘ప్రోటోకాల్ బఫర్స్’ అనే పద్ధతి ఉంది వాళ్లకి. 2016లో తెచ్చిన మూడో తరం రూపంలో, తెలియని గడులు వస్తే పారేసేలా పెట్టారు. అంతకుముందు వాటిని దాచి ఉంచేది. తర్వాత మనసు మార్చుకుని 2017లో వచ్చిన 3.5తో మళ్లీ దాచి ఉంచే పద్ధతికే వచ్చారు. ఇది చెప్పాక మా తమ్ముడి మొహంలో కాస్త వెలుగొచ్చింది. ‘వాళ్లే తప్పుచేశారు, నేనెంత’ అన్నట్టు. నాకైతే ఒళ్లు మండింది. వాళ్లది పద్ధతి, మనది అమ్మ!

కానీ వాణ్ని ఒక్కణ్నే అనడానికి నాకు నోరు లేదు. డిప్లొమా చేసి డెస్కులో చేరిన మొదటి నెలలో నేనూ ఇదే పని చేశాను. కోనసీమ నుంచి ఓ విలేకరి వార్త పంపాడు. అందులో ‘దింపు కార్మికులు’ అని ఉంది. దింపు ఏమిటో నాకు తెలీదు. అచ్చుతప్పు అనుకుని ఆ మాట కొట్టేసి ‘కార్మికులు’ అని మిగిల్చాను. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాళ్ల కష్టాల మీద రాసిన వార్త అది. మర్నాడు పేపర్లో అది ఏ ఫ్యాక్టరీ కార్మికుల గురించో అన్నట్టుగా వచ్చింది. సీనియర్ సబ్ ఎడిటర్ ఒకాయన నన్ను పిలిచి గట్టిగా ఏమీ అనలేదు. ‘‘నీకు అర్థం కాకపోతే అలాగే ఉంచమ్మా. చదివేవాళ్లకి అర్థమవుతుంది’’ అన్నారు. ఇప్పటికీ కొబ్బరిబోండాం బండి కనిపిస్తే ఆ మాట గుర్తొస్తుంది.

ఆ ఆదివారం రాత్రి, సోమవారం పగలు తమ్ముడు హాల్లో మంచం మీద కూర్చుని యాప్‌ని తిరగరాశాడు. ఇప్పుడు మీట నొక్కితే ఆ ఒక్క టిక్కు మాత్రమే వెళ్తుంది, మిగతా కాగితం జోలికి పోదు. ఎప్పుడైనా కాగితం మొత్తం రాయాల్సివస్తే, తనకి తెలియని గడుల్ని పొట్లం కట్టి పక్కన పెట్టుకుని, మళ్లీ వాటిని కలిపే రాస్తుంది. గడి లేకపోతే ‘లేవు’ అనదు. ఎర్ర అక్షరాల్లో ‘ఎవరూ రాయలేదు, కనుక్కోండి’ అంటుంది. యాప్ మరీ పాతదైతే, మార్చుకునేదాకా చూపించడమే కానీ రాయనివ్వదు. ఈ చివరిది పెట్టడానికి మాకు వాదన జరిగింది. అమ్మ మార్చుకోకపోతే పచ్చ టిక్కు రాదు కదా అన్నాను. ‘‘రాకపోతే ఫోన్ చేస్తావుగా’’ అన్నాడు. ఒప్పుకున్నాను.

కొత్తది ఎక్కించాలంటే ఫోన్‌లో చోటు కావాలి. గుడ్‌మార్నింగ్ బొమ్మలు తీసేస్తామంటే అమ్మ ససేమిరా అంది. పంపినవాళ్లు ఏమనుకుంటారట! పంపినవాళ్లకి తెలీదని గంటసేపు నచ్చజెప్పాక మూడేళ్ల గులాబీలు వెళ్లిపోయాయి. నేను అటకెక్కి నీలం ఫైలు దించాను. దుమ్ము దులిపి, గుమ్మం పక్కన క్యాలెండర్ మేకుకి తాడు కట్టి తగిలించాను. తమ్ముడు చూశాడు కానీ ఏమీ అనలేదు.

ఇక పరీక్ష. కొత్త యాప్‌కి కూడా తెలియని గడి ఏదో ఒకటి పెట్టి చూడాలన్నాడు వాడు. ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ తెరిచి, అమ్మ కాగితంలో ‘అల్లం పచ్చడి: ఉంది’ అని ఓ గడి చేర్చాడు. అమ్మ చేతికి ఫోనిచ్చి మీట నొక్కమన్నాం. ‘‘ఇప్పుడు మాత్ర వేళ కాదుగా’’ అంది. ఊరికే నొక్కమన్నాం. నొక్కింది. నా ఫోన్‌లో పచ్చ టిక్కు పడింది. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో చూశాడు. సల్ఫా ఉంది. అల్లం పచ్చడీ ఉంది. మళ్లీ నొక్కించాడు. ఉంది. పదిసార్లు నొక్కించాడు. పదోసారికీ ఉంది.

వాడు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి నడుస్తూ, ‘‘అల్లం పచ్చడి ఉందని ఎవరు చెప్పార్రా మీకు? అయిపోయి వారమైంది’’ అంది.